కదిలే పాత కట్టడాన్ని ఆపే అధికారం ఎవరిది: సెన్సార్‌దా, మనిషిదా?

#1 కుతూహలం

2025 ఆగస్టులో స్వీడన్‌లోని కిరూనా చర్చిని తరలించిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. 1912లో కట్టిన చెక్క చర్చి, 672 టన్నుల బరువు. ఇనుప ఖనిజం గని వల్ల అక్కడి నేల కుంగుతోందని, చర్చిని ఉన్నదున్నట్టుగా చక్రాల బళ్ల మీదికెక్కించి రెండు రోజుల్లో 5 కిలోమీటర్లు నడిపించారు. నేను ఇంజనీర్ని కాదు, ఊరికే చూస్తూ కూర్చున్నాను. కానీ చూసినంతసేపూ ఒకటే టెన్షన్. దారి మధ్యలో ఏ గోడో బీటలిస్తే ఆ సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది? తెలిసినవాడు "ఆపండి" అంటే బండి ఆగుతుందా, లేక ఇంకో నలుగుర్ని అడిగి రావాలా?

పక్కనే కూర్చున్న మా తమ్ముడు "సెన్సార్లు పెట్టి, హద్దు దాటగానే బండి దానంతటదే ఆగిపోయేలా చేస్తే గొడవే ఉండదు, మళ్లీ మనిషెందుకు మధ్యలో" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఎందుకు ఒప్పలేదో మాత్రం చెప్పలేకపోయాను. ఈ పనులు దగ్గర్నుంచి చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, మీరేమంటారు?

#2 రసమట్టం

మీ తమ్ముడు చెప్పిందే సరైన మాట. కొలతలు తీయడమే నా ఉద్యోగం కాబట్టి కాస్త పక్షపాతం ఉందనుకున్నా పర్లేదు.

కట్టడం కదులుతున్నంతసేపూ మేం చూసేవి ఇవీ: ఏ జాకీ మీద ఎంత బరువు పడుతోంది, గోడల అడుగంతా ఒకే మట్టంలో ఉందా, నిలువు తప్పుతోందా, పాత పగుళ్లు తెరుచుకుంటున్నాయా, అదురు ఎంతుంది. గోడ మీద చిన్న చిన్న అద్దాలు బిగిస్తాం. దూరంగా స్టాండు మీద ఉన్న టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం తల తిప్పుకుంటూ వాటిని ఒక్కొక్కటిగా చూసి మిల్లీమీటరు లోపు తేడా కూడా పట్టేస్తుంది. మనిషి కంటికి అది అందదు.

1999లో అమెరికాలో కేప్ హాటెరస్ లైట్‌హౌస్‌ను సముద్రపు కోత నుంచి తప్పించి సుమారు 880 మీటర్లు వెనక్కి జరిపారు. 1870 నాటి ఇటుక కట్టడం, దాదాపు 4,800 టన్నులు. 23 రోజులు పట్టింది. దానికి 60 దాకా ఆటోమేటిక్ సెన్సార్లు బిగించారు. బరువు ఎలా మారుతోంది, ఎటు వాలుతోంది, ఎంత అదురుతోంది, ఆఖరికి స్తంభం వ్యాసం మారుతోందా అన్నది కూడా కొలిచారు. గాలినీ ఉష్ణోగ్రతనూ చూడడానికి శిఖరం మీద ఒక చిన్న వాతావరణ కేంద్రం పెట్టారు. కదిలిస్తే కూలిపోతుందని అప్పట్లో గట్టిగా వాదించినవాళ్లున్నారు. అది ఇవాళ్టికీ నిలబడే ఉంది.

ఇటుక గోడ చెప్పి పగలదు. లాగుడు దానికి గిట్టదు, గిట్టనప్పుడు ఒక్క క్షణంలో విరుగుతుంది. అలాంటి చోట "ఆపుదామా వద్దా" అని పెద్దమనుషుల పంచాయితీ పెట్టుకోవడం దండగ. హద్దు ముందే రాసుకోవాలి, దాటితే యంత్రం ఆగిపోవాలి.

#3 తాపీ చెయ్యి

రసమట్టం గారూ, మీ యంత్రాల మీద నాకేం కోపం లేదు. ముప్పై ఏళ్లు జాకీల దగ్గర పని చేసినవాణ్ణి, ఒకటి చెప్తాను.

ఒక పాత రెండంతస్తుల ఇటుక భవనాన్ని లేపి పట్టాల మీద జరుపుతున్నాం. గోడల అడుగు మట్టం చూడడానికి చుట్టూ నీళ్ల గొట్టాలు, మూలమూలకీ ఒక డబ్బా. మా రోజుల్లో ట్యూబ్ లెవెల్ అనేవాళ్లం, అదే. కాకపోతే ఇప్పుడు దానికి వైర్లు, తెర వచ్చాయి. మూడో రోజు పొద్దున ఏడుంపావుకి అలారం మోగింది. తూర్పు మూల 2 మిల్లీమీటర్లు కుంగిందని తెర మీద ఎర్రగా చూపిస్తోంది. పరుగో పరుగు. జాకీ మీటరు చూశాను, సూది నిన్న సాయంత్రం ఉన్నచోటే ఉంది. దూలానికీ దిమ్మకీ మధ్య ఇరికించిన ఇనుప రేకు పట్టి లాగాను, రాలేదు. అంటే బరువు దాని మీద ఉన్నట్టే. అప్పుడు కనబడింది: గొట్టం నిలువుగా పైకెక్కే చోట కప్పిన గోనె జారిపోయింది, ఎండ నేరుగా దాని మీద పడుతోంది. నీళ్లు వేడెక్కి ఆ డబ్బాలో మట్టం పెరిగింది. మట్టం పెరిగితే మూల దిగిందని యంత్రం లెక్క. గోనె మళ్లీ కప్పాం, ఇరవై నిమిషాల్లో ఎరుపు పోయింది.

ఆ వారంలో అలా నాలుగుసార్లు మోగింది. నాలుగోసారి ఎవరూ తల కూడా ఎత్తలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

#4 రసమట్టం

అది సెన్సార్ తప్పు కాదు మేస్త్రీ గారూ, బిగించినవాళ్ల తప్పు. ప్రతి డబ్బాలో నీటి ఉష్ణోగ్రత కూడా కొలిస్తే ఆ తేడాను లెక్కలోంచి తీసెయ్యొచ్చు. పైగా ఒక్క సెన్సార్ మాట మీద బండిని ఆపమని నేనూ అనను. నీళ్ల మట్టం ఒకటి చెప్పి, టోటల్ స్టేషన్ కూడా అదే చెప్తేనే ఆగాలి. రెండూ ఒకే రకంగా తప్పు చెప్పడం అరుదు. ఒకదానికి ఎండ గిట్టకపోతే ఇంకోదానికి దుమ్ము గిట్టదు.

నాలుగోసారి ఎవరూ తలెత్తలేదన్నారు చూశారా, అది నా వైపు సాక్ష్యమే. విసుగు పుట్టేది మనిషికి. యంత్రానికి కాదు.

#5 పాతగోడ

మీరిద్దరూ అలారం మోగాక ఏం చెయ్యాలన్న దగ్గర మొదలుపెట్టారు. నా పని పాత కట్టడాల సంరక్షణ. నేను ఆరేడు నెలలు వెనక్కి వెళ్తాను.

ఏ పాత గోడా కదలకుండా కూర్చోదు. పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది. చలికి పగులు కొంచెం తెరుచుకుంటుంది, ఎండకి మూసుకుంటుంది. వానాకాలం తడికి ఉబ్బే నేల మీద ఉంటే ఏడాది పొడవునా కాస్త లేస్తూ కాస్త దిగుతూ ఉంటుంది. దాన్ని ముట్టుకోకముందే ఆ కదలికను కొలిచి పెట్టుకోకపోతే, తరలింపు రోజు కనబడిన పావు మిల్లీమీటరు జాకీ వల్ల వచ్చిందో చలి వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. సెన్సారూ చెప్పలేదు, మేస్త్రీ గారూ చెప్పలేరు. నేనైతే కనీసం ఒక ఎండాకాలం, ఒక చలికాలం కొలిచాకే జాకీ తీసుకురమ్మంటాను. ఎక్కువసార్లు మాకిచ్చేది మూడు వారాలు.

ఇక హద్దు సంగతి. మట్టం తేడాల గురించి అందరూ చెప్పుకునే అంకెలు 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీర్లు ఇచ్చినవి. రెండు ఆధారాల మధ్య దూరంలో 300వ వంతు తేడా వస్తే గోడలు పగులుతాయని, 150వ వంతు వస్తే కట్టడం నిర్మాణానికే దెబ్బ అని. పది మీటర్ల గోడకి 300వ వంతు అంటే సుమారు 33 మిల్లీమీటర్లు. వినడానికి ఉదారంగానే ఉంది. కానీ ఆ అంకెలు ఎక్కువగా స్తంభాలు, దూలాలు బరువు మోసే ఫ్రేము కట్టడాలను చూసి వచ్చినవి. సున్నంతో కట్టిన పాత గోడని వాటితో కొలవడం అంటే పక్కింటివాళ్ల చొక్కా తొడుక్కోవడమే. దానికి తోడు కుంగడంలో కూడా రెండు రకాలున్నాయి. గోడ నడుం కుంగితే లాగుడు అడుగున పుడుతుంది, పునాది దాన్ని కాస్త పట్టి ఉంచుతుంది. నడుం నిలబడి రెండు చివర్లూ వాలిపోతే లాగుడు గోడ తలమీద పుడుతుంది. అక్కడ పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. అందుకే అదే అంకె దగ్గర ఒక గోడ ఊరుకుంటుంది, ఇంకోటి పైనుంచి కిందికి చీలుతుంది. యంత్రానికి ఒక్క హద్దు రాసిచ్చి ఊరుకుంటే ఈ తేడా ఎవరు చూస్తారు?

ఇంకో చిన్నమాట. కిరూనాది చెక్క చర్చి. చెక్క వంగి సర్దుకుంటుంది. దాన్ని చూసి ఇటుక కట్టడాల గురించి ధైర్యం తెచ్చుకోకండి.

#6 పైపైన

ఇంత భయం ఎందుకండీ, రాళ్లు విప్పేసి నంబర్లేసి అవతల కట్టుకుంటే పోలా? సెన్సార్లూ అక్కర్లేదు, గొడవా అక్కర్లేదు.

#7 పాతగోడ

పైపైన గారూ, మీ పేరుకి తగ్గట్టే ఉంది ప్రశ్న :) కానీ అడగాల్సిన ప్రశ్నే.

రాతి కట్టడాలకి ఆ దారి ఉంది. శ్రీశైలం జలాశయంలో మునగకముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలాగే రాయి రాయి విప్పి అలంపురంలో కట్టారు. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను 1964 నుంచి 1968 దాకా సగటున 20 టన్నుల దిమ్మలుగా కోసి 65 మీటర్లు పైకి చేర్చారు. అక్కడ కూడా కోత మొదలుపెట్టకముందు లోపలి కప్పులకి ఇనుప ఆధారాలు పెట్టారు, ముందరి విగ్రహాలను ఇసుకతో కప్పి కాపాడారు. అంటే విప్పడం కూడా పరిశీలన లేకుండా జరిగే పని కాదు. ఒక్క కట్టడం స్థానంలో వెయ్యికి పైగా ముక్కలను చూసుకోవాలి, అంతే తేడా.

అదే కాలంలో, అదే నైలు నది ఒడ్డున అమడా ఆలయం ఉంది. దాని గోడల మీద రంగులేసిన చెక్కడాలు. కోస్తే రంగు రాలిపోతుందని, ఆ భాగాన్ని ఒకే ముద్దగా, సుమారు 900 టన్నులు, పట్టాల మీద జాకీలతో రెండున్నర కిలోమీటర్లు నెట్టుకెళ్లారు. కొయ్యాలా నెట్టాలా అన్నది గోడ మీద ఏముందో చూసి తేల్చారు. ఇటుకా సున్నమూ అయితే విప్పే ప్రశ్నే లేదు. విప్పాక మీ చేతిలో మిగిలేది ఇటుకల కుప్ప, దాంతో కట్టేది కొత్త గోడ.

#8 లెక్కలపుస్తకం

ఆలస్యంగా వచ్చాను. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. "హద్దు దాటితే ఆగిపోవాలి" అన్న మాటలో ఒక పొరపాటు ఉంది. ఆగడం ఎప్పుడూ క్షేమమే అన్నట్టు మాట్లాడుతున్నారు.

చక్రాల బండి మీద వెళ్తున్న గోడని ఠక్కున ఆపితే బస్సు బ్రేకు వేసినప్పుడు నిలబడ్డవాళ్లు ముందుకి తూలినట్టు గోడ తూలుతుంది. నిలువు బరువుకి పాత గోడ ఎంత గట్టిదో పక్క తోపుకి అంత బలహీనం. ఇంకోటి, ఎక్కడ ఆగుతున్నాం? మెత్తటి నేల మీద సగం దారిలో రాత్రంతా నిలబెడితే నేల ఇంకా కుంగుతుంది. అలాంటి చోట ఆగకుండా ఇంకో ఆరు మీటర్లు వెళ్లి గట్టి నేల మీద ఆపడమే మంచిది. ఆ సంగతి హద్దు దాటిన సెన్సార్‌కి తెలియదు.

అయితే పద్ధతిని బట్టి ఇది మారుతుంది. కేప్ హాటెరస్‌లో తోపుడు జాకీలు ఐదేసి అడుగులు తోసి ఆగేవి, మళ్లీ వెనక్కి సర్దుకుని తోసేవి. ఆగడం అక్కడ పనిలో భాగం. చెక్ రిపబ్లిక్‌లోని మోస్ట్ పట్టణంలో 16వ శతాబ్దపు చర్చిని 1975లో బొగ్గు గని కోసం 841 మీటర్లు జరిపారు. దాదాపు 10,000 టన్నులు, కింద 53 బళ్లు, ప్రతి బండికీ హైడ్రాలిక్ జాకీలు. వేగం నిమిషానికి రెండు సెంటీమీటర్ల పైచిలుకు. నత్త నవ్వుతుంది. ఆ వేగంలో ఆపినా కుదుపు ఉండదు, ఆలోచించుకోవడానికి తీరిక ఉంటుంది. షాంఘైలో 2020లో 7,600 టన్నుల పాత బడి భవనాన్ని 198 యాంత్రిక కాళ్ల మీద "నడిపించారు", 62 మీటర్లకి 18 రోజులు. సగం కాళ్లు మోస్తుంటే సగం అడుగేస్తాయి. అన్ని కాళ్లూ సమానంగా లేవడం, దిగడం మనిషి చేత్తో సర్దే పని కాదు, కంప్యూటరే చెయ్యాలి.

కాబట్టి నా లెక్క ఇదీ. జాకీలు సమానంగా లేస్తున్నాయా, గొట్టంలో ఒత్తిడి పడిపోయిందా అన్నవి పూర్తిగా యంత్రానికి వదిలెయ్యండి. ఒక గొట్టం పగిలితే మనిషి కేక వేసేలోపే మూల దిగిపోతుంది. అక్కడ వాల్వ్ దానంతటదే మూసుకోవాలి, జాకీ మీది తాళం మర బరువు పట్టుకోవాలి. పగుళ్లు, వాలు, అదురు మాత్రం మనిషి చూడాలి. అవి ఏం చెప్తున్నాయో అర్థం చేసుకోకుండా స్పందించకూడదు.

ఇంకొకటి. ఆపే అధికారం గురించి ఇంత వాదిస్తున్నాం గానీ, ఆగాక మళ్లీ కదలమనేది ఎవరు? నన్నడిగితే ఆపమనే హక్కు అందరికీ ఉండాలి. సెన్సార్‌కి, మేస్త్రీకి, టీ ఇచ్చే కుర్రాడికి కూడా. కదలమనే సంతకం మాత్రం ఒక్కరిదే, ఆ ఒక్కరు తరలించే కాంట్రాక్టర్ దగ్గర జీతం తీసుకునే మనిషి కాకూడదు.

#9 తాపీ చెయ్యి

లెక్కలపుస్తకం గారి మాట నాకు నచ్చింది, టీ కుర్రాడి ముక్క తప్ప. అందరూ ఆపొచ్చంటే రోజుకి పదిసార్లు ఆగుతుంది. పదకొండోసారి నిజంగా ఆపాల్సినప్పుడు ఎవడూ వినడు. నాన్నా పులి కథే.

జాకీలని మూడు గుంపులుగా కట్టడం గురించి ఎవరూ చెప్పలేదు. కేప్ హాటెరస్‌లో కూడా అలాగే చేశారట. వంద జాకీలున్నా సరే, గొట్టాలు కలిపి మూడు గుంపులు చేస్తే ఒక్కో గుంపులో ఒత్తిడి ఒకటే ఉంటుంది. అప్పుడు కట్టడం మూడు కాళ్ల మీద నిలబడ్డట్టు. ముక్కాలి పీట ఎంత ఎగుడుదిగుడు నేల మీద పెట్టినా గడగడలాడదు, నాలుక్కాళ్ల బల్లే లాడుతుంది. నేల ఒక పక్క కాస్త దిగితే కట్టడం మొత్తం కాస్త వాలుతుంది, అంతే. మెలి తిరగదు. గోడని చంపేది మెలికే.

ఇక పగులు చూడడం. మా మొదట్లో పగులు మీద సన్నటి గాజు ముక్క అడ్డంగా పెట్టి రెండు వైపులా జిప్సంతో అతికించేవాళ్లం. గోడ కదిలితే గాజు విరిగేది. ఎంత కదిలింది, ఎటు కదిలింది అన్నది మాత్రం తెలిసేది కాదు. తర్వాత ఒకదాని మీద ఒకటి జారే ప్లాస్టిక్ పలకలొచ్చాయి. కింది దాని మీద మిల్లీమీటర్ల గళ్లు, పైదాని మీద ఎర్ర గీతల కూడలి. టార్చి పక్కగా పట్టుకుని చూడాలి, ఎదురుగా పడితే మెరుపు తప్ప ఏమీ కనబడదు. నేను గంటకోసారి అన్నీ తిరిగి పలక పక్కనే గోడకి అంటించిన కాగితం మీద పెన్సిలుతో అంకె, టైము రాసేవాణ్ణి. పుస్తకంలో రాస్తే పుస్తకం ఆఫీసులో ఉంటుంది. గోడ మీద రాస్తే తర్వాత వచ్చినవాడు చూడక తప్పదు.

వేలి మెటికతో పూత మీద కొట్టి చూడడం ఇంకోటి. గట్టి చోట టక్కుమంటుంది, లోపల వదిలేసిన చోట డబడబమంటుంది. పొద్దున టక్కుమన్న చోట సాయంత్రం డబ్ మంటే ఏ సెన్సారూ మోగకపోయినా నేను జాకీ ఆపిస్తాను. సెన్సార్ తనని బిగించిన చోటే చూస్తుంది. గోడ తనకిష్టమైన చోట పగులుతుంది.

#10 రసమట్టం

మెటిక శబ్దానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. నిజానికి గోడ లోపలి చిటపటలు వినే సెన్సార్లు కూడా ఉన్నాయి, కానీ జాకీల రొదలో ఏది గోడ శబ్దమో తేల్చడం కష్టం.

అయినా నేను యంత్రం వైపే ఎందుకున్నానో చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక తరలింపులో కొలతల బాధ్యత నాది. ఒక కమాను మీద పగులు తెరుచుకోవడానికి హద్దు 1 మిల్లీమీటరని ముందే రాసుకున్నాం. రెండో రోజు మధ్యాహ్నానికి 0.9 అయింది. సైటు పెద్ద వచ్చి నా పక్కన కూర్చుని, చాలా మర్యాదగా, "ఈ హద్దు మరీ కఠినంగా పెట్టారేమో, 2 చెయ్యొచ్చేమో చూడండి సార్" అన్నాడు. అద్దె బళ్లు, కట్టేసిన రోడ్డు, నిలబడి చూస్తున్న జనం. నేను కాదన్నాను. సాయంత్రం కాఫీ తాగొచ్చేసరికి హద్దు 2 అయి ఉంది. పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలుసు. కమాను 1.4 దగ్గర ఆగింది, ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఆ హద్దు నిజంగానే కఠినమని అందరూ తేల్చేశారు. మరుసటి పనికి 2 తోనే మొదలుపెట్టారు.

మనిషి చేతిలో పెడితే జరిగేది ఇదీ. కోపంగా ఎవడూ ఏమీ చెయ్యడు. పక్కన కూర్చుని మెల్లగా అంకె మారుస్తాడు.

#11 లెక్కలపుస్తకం

రసమట్టం గారూ, మీరు చెప్పిన కథలో యంత్రం ఉంది, హద్దు ఉంది, అలారం ఉంది. అయినా మార్చింది మనిషే కదా. బండి దానంతటదే ఆగే ఏర్పాటున్నా 2 అని రాశాక అది 2 దగ్గరే ఆగుతుంది. అంటే మీ గొడవ ఆటోమేటిక్‌తో తీరేది కాదు. హద్దు మార్చాలంటే ఎవరి సంతకం కావాలి, ఎందుకు మార్చారో ఎక్కడ రాయాలి అన్న దగ్గర తీరుతుంది.

నేనైతే హద్దులు మూడు పెడతాను. మొదటిది దాటితే కొలతలు గంటకోసారికి బదులు పది నిమిషాలకోసారి. రెండోది దాటితే మెల్లగా ఆపి, కారణం తెలిశాకే కదలడం. మూడోది దాటితే ఏం చెయ్యాలో ముందే రాసి పెట్టుకుంటాం: ఎక్కడ దిమ్మలు పెట్టాలి, ఎవరు బయటికి రావాలి. మొదటి రెండిట్లో మనిషి మాట నడుస్తుంది, మూడోదాంట్లో వాదన ఉండదు. పని మొదలయ్యాక ఏ హద్దూ పెంచకూడదు. తగ్గించుకోవచ్చు.

అదురుకి మాత్రం చేతిలో ఒక అంకె ఉంది. జర్మనీ ప్రమాణం డిన్ 4150 మూడో భాగంలో, సున్నితమైన వారసత్వ కట్టడాలకి తాత్కాలిక అదురైతే పునాది దగ్గర, 10 హెర్ట్జ్ (సెకనుకి పది ఊపులు) లోపు, అదురు వేగం సెకనుకి 3 మిల్లీమీటర్లు అని ఉంది. నెమ్మదిగా జరిపే పనిలో సాధారణంగా అంత రాదు. పక్కన పాత పునాది పగలగొడుతున్న బ్రేకర్ వల్లే వస్తుంది, చాలామంది చూడనిది అదే.

#12 పాతగోడ

పని మొదలయ్యాక హద్దు పెంచకూడదన్న దానితో పూర్తిగా ఏకీభవిస్తాను. "ఏమీ కాలేదు కాబట్టి సరే" అన్న మాటతో అస్సలు ఏకీభవించను. కమాను 1.4 తెరుచుకుంది అంటే ఏదో అయింది. ఆ పగులు మళ్లీ మూసుకుందా? అందులోకి ఇసుక రాలితే ఇక మూసుకోదు, ప్రతి చలికాలం ఇంకాస్త తెరుచుకుంటుంది. ఏమీ కాలేదనే మాట ఐదేళ్ల తర్వాత చెప్పాల్సింది.

సంతకం చేసేవాడి జీతం సంగతి. కాంట్రాక్టర్ ఇవ్వకూడదన్నారు బాగుంది, మరి యజమాని ఇస్తే? యజమానికీ తొందరే ఉంటుంది. నా అనుభవంలో తొందర లేనిది ఒక్క కట్టడానికే.

#13 పైపైన

మరి కొలతలన్నీ జనానికి చూపించేస్తే? తెర ఒకటి రోడ్డు మీద పెట్టండి. ఎవరూ దొంగచాటుగా అంకె మార్చలేరు.

#14 రసమట్టం

ఈసారి మంచి మాట అన్నారు. కానీ మేస్త్రీ గారి గోనె కథ గుర్తు చేసుకోండి. ఏడుంపావుకి తెర ఎర్రబడితే ఏడున్నరకి "చర్చి కూలిపోతోంది" అని వీడియోలు వస్తాయి. హద్దులు, వాటిలో చేసిన మార్పులు బయట పెడదాం. క్షణక్షణం అంకెలు వద్దు.

#15 కుతూహలం

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. మా తమ్ముడికి చదివి వినిపించాను. వాడు పాస్‌వర్డ్ కథ దగ్గర కాస్త తగ్గాడు, గొట్టం పగిలితే వాల్వ్ దానంతటదే మూసుకోవాలన్న దగ్గర మళ్లీ లేచాడు. ఆఖరిగా ఒకటి. బండి కదిలేటప్పుడే ఇంత టెన్షన్ పడ్డాను కదా, నిజంగా అన్నిటికన్నా ప్రమాదం ఉన్నది ఆ కదిలే సమయంలోనేనా?

#16 తాపీ చెయ్యి

కాదు బాబూ. మీరు వీడియోలో చూడని రెండు రోజులున్నాయి. పాత పునాది నుంచి బరువుని జాకీల మీదికి తీసుకునే రోజు ఒకటి, జాకీల నుంచి కొత్త పునాది మీదికి దించే రోజు ఒకటి. మధ్యలో నడకంతా దాదాపు విశ్రాంతి.

దించే రోజు ఎలా ఉంటుందంటే, గోడ అడుగు దూలానికీ కొత్త పునాదికీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు ఉంటుంది. అందులో ఇనుప పలకలు పేర్చి, చీలలు కొట్టి, మిగిలిన సందులో కుంచించుకుపోని గ్రౌట్ (సిమెంటు పోత) పోసి గట్టిపడే దాకా ఆగుతాం. తర్వాత జాకీ ఒత్తిడి ఒక్కసారి వదలం. పదో వంతు తగ్గించి ఆగుతాం, పలకలన్నీ చూసొస్తాం, మళ్లీ పదో వంతు. ఒక మూల పని అయ్యాక ఎదురు మూలకి వెళ్తాం. మా పనిలో ఒకసారి అలా ఏడోసారి తగ్గించేటప్పుడు ఒక జాకీ బరువు తగ్గడం మానేసి పెరగడం మొదలైంది. అంటే పక్క చీల వదులుగా ఉంది, దాని వాటా కూడా ఈ జాకీ మీద పడుతోంది. తెర మీద అప్పటికి ఏ హద్దూ దాటలేదు. మీటరు సూది రావలసిన వైపు కాకుండా అవతలికి వెళ్లడం చూసి నేనే చెయ్యెత్తాను.

#17 రసమట్టం

బరువు తగ్గాల్సిన చోట పెరిగితే మోగేలా ఒక హద్దు పెట్టొచ్చు మేస్త్రీ గారూ. ఇప్పటిదాకా మేం ఎంత అన్నదే చూశాం, ఎటు అన్నది చూడలేదు. మీ దగ్గర ఆ రోజు మీటరు అంకెలు ఏమైనా మిగిలున్నాయా?

#18 తాపీ చెయ్యి

కాగితాలు ఆ గోడకే అంటించి ఉన్నాయి. పూత వేసేటప్పుడు పీకొద్దని చెప్పాను. ఉన్నాయో లేదో ఈసారి వెళ్లినప్పుడు చూసి ఫొటో పెడతాను.